ముందురోజే చేసి పెట్టుకునే ఓట్స్ ట్రే: హైదరాబాద్ వంటింట్లో చాలాకాలం వాడాక

బేక్‌డ్ ఓట్‌మీల్ అంటే ఓట్స్, పాలు, గుడ్డు, పండ్లు ఒక ట్రేలో పోసి, ఓవెన్‌లో గట్టిపడేదాకా ఉంచి, ముక్కలుగా కోసుకుని తినే టిఫిన్. అమెరికాలో పెన్సిల్వేనియా ఆమిష్ కుటుంబాల వంటగా దీనికి పేరు. కేకు వస్తుందని మొదలుపెట్టినవాళ్లకు నిరాశే. లోపల కాస్త తడిగా, జున్నులా మెత్తగా ఉంటుంది, అంచులు మాత్రం కరకరలాడతాయి.

తీర్పు ముందే చెప్పేస్తాను. ఇడ్లీ, దోశల చోటు దీనికివ్వలేం. వేడి వేడి టిఫిన్, పక్కన చట్నీ లేనిదే పొద్దు గడవని ఇంట్లో దీన్ని రోజూ పెడితే మూడోనాటికే ట్రే ఫ్రిజ్‌లో మిగిలిపోతుంది. వారానికి రెండు పూటలైతే బాగా కుదురుతుంది. ఆదివారం సాయంత్రం ఒక ట్రే పెడితే నలుగురున్న ఇంటికి సోమ, మంగళవారాల పొద్దుటి హడావిడి చాలావరకు తగ్గుతుంది. స్కూలు బస్సు ఏడింటికే వచ్చే ఇళ్లకు ఇది చిన్న విషయమేమీ కాదు.

అయితే విదేశీ కొలతల్ని ఉన్నదున్నట్టు ఇక్కడ దింపితే పాడవుతుంది. పాడవడానికి ముఖ్య కారణం నీరు. మన కిరాణా కొట్లో దొరికే ఓట్స్ వేరు, మన పండ్లలో రసం ఎక్కువ, చక్కెర బదులు మనం బెల్లం వేస్తాం. ఈ మూడూ తడి లెక్కను మార్చేస్తాయి.

నిలకడగా కుదిరిన కొలత ఇది. 8 అంగుళాల చదరపు ట్రే, 2 అంగుళాల లోతు. రోల్డ్ ఓట్స్ (ఆవిరి పట్టి అణిచిన నిండు గింజలు) 200 గ్రాములు, పాలు 450 మిల్లీలీటర్లు, గుడ్లు 2, బెల్లం పొడి 80 గ్రాములు, కరిగించిన నెయ్యి 30 గ్రాములు, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూన్, ఉప్పు అర టీస్పూన్, యాలకుల పొడి అర టీస్పూన్, బాగా పండిన అరటిపండ్లు రెండు (తొక్క తీశాక 200 గ్రాములు), ఇంకో పండు ముక్కలు 150 గ్రాములు, బాదం గానీ అక్రోట్ గానీ 30 గ్రాములు. ఎనిమిది ముక్కలు వస్తాయి. ఒక్కో ముక్కకు సుమారు 270 కేలరీలు, 7 గ్రాముల ప్రొటీన్. పిల్లలకు ఒక ముక్క సరిపోతుంది. పెద్దవాళ్లకు పక్కన ఉడికించిన గుడ్డో, గుప్పెడు పల్లీలో లేకపోతే పదకొండింటికే ఆకలేస్తుంది.

ఉప్పు తగ్గించొద్దు. అది లేకపోతే ఎంత తీపి వేసినా ముక్క చప్పగానే అనిపిస్తుంది.

ఓట్స్ దగ్గరే సగం ట్రేలు చెడతాయి. ప్యాకెట్ మీద ‘రోల్డ్’ అని రాసి ఉండాలి. మూడు నిమిషాల్లో ఉడుకుతాయని అమ్మే ఇన్‌స్టంట్ ఓట్స్‌ను పలుచగా అణిచి, చిన్న తునకలు చేసి ఉంటారు. అవి పాలు పోసిన వెంటనే పీల్చేసుకుని, బేక్ అయ్యాక ముద్దగా, అంటుకునేలా తయారవుతాయి. ఇంట్లో అవే ఉంటే పాలు 330 మిల్లీలీటర్లకు తగ్గించి, కాలం కూడా 30 నిమిషాలకు దించాలి. అప్పుడు తినదగ్గట్టే ఉంటుంది గానీ గింజ పలుకు తెలియదు. స్టీల్ కట్ ఓట్స్ (అణచకుండా తునకలుగా కోసిన గింజలు) ఈ కొలతలో అస్సలు ఉడకవు, పంటికింద రవ్వలా తగులుతాయి. మసాలా ఓట్స్ సాషేలు ఇందులో వేయాలనుకునేవాళ్లు ఉండరనే ఆశ.

బెల్లం విషయంలో రెండు ఇబ్బందులు. ఒకటి ఇసుక. పొడి బెల్లంలో కూడా నలక ఉంటుంది, కాబట్టి మూడు పెద్ద చెంచాల వేడినీళ్లలో కరిగించి వడకట్టాలి, ఆ నీళ్ల మేరకు పాలు తగ్గించాలి. రెండోది పాలు విరగడం. వేడి పాలలో బెల్లం వేస్తే విరుగుతాయని పాయసం వండే ప్రతి ఇంటికీ తెలుసు. ఇక్కడా అంతే, పాకమూ పాలూ రెండూ చల్లారాకే కలపాలి. అలాగని ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు నేరుగా వాడితే కరిగించిన నెయ్యి పూసల్లా గడ్డకట్టి, ట్రేలో ఒకచోట జిడ్డు, ఒకచోట పొడి అవుతుంది. కాచి చల్లార్చిన పాలు గది వేడికి వచ్చాక వాడితే ఏ గొడవా ఉండదు. 3 శాతం కొవ్వున్న టోన్డ్ పాలు చాలు. 6 శాతం ఫుల్ క్రీమ్ పాలు వాడితే నెయ్యి సగానికి తగ్గించుకోవచ్చు.

చేసే వరస: ట్రేకి నెయ్యి రాసి, రెండు వైపులా అంచు బయటికి వచ్చేలా బటర్ పేపర్ పరవాలి. ఒక అరటిపండు చక్రాలుగా కోసి, మిగతా పండు ముక్కల్లో సగంతో కలిపి అడుగున పరచాలి. ఓట్స్, బేకింగ్ పౌడర్, ఉప్పు, యాలకుల పొడి పొడిగానే కలిపి దాని మీద వేయాలి. రెండో అరటిపండు మెదిపి, గుడ్లు, పాలు, బెల్లం పాకం, నెయ్యి అందులో గిలకొట్టి, మెల్లగా అంతటా పోయాలి. మిగిలిన పండు, బాదం లేదా అక్రోట్ పలుకులు పైన చల్లి, పావుగంట కదపకుండా వదిలేయాలి. ఈ పావుగంట ఎగ్గొడితే ఓట్స్ పైకి తేలి, కింద గుడ్డు పొర విడిగా గట్టిపడి, నీచు వాసన వస్తుంది. గుడ్డు వాసన వచ్చిందని చెప్పే చాలామంది ట్రేలో అసలు తప్పు ఇదే.

ఓటీజీని (గట్టు మీద పెట్టుకునే కరెంటు ఓవెన్) 180 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు ముందే వేడి చేసి, మధ్య అరలో, కింద పైన రెండు రాడ్లూ వెలిగేలా పెట్టి 38 నుంచి 42 నిమిషాలు ఉంచాలి. చిన్న ఓటీజీల్లో పై రాడ్ ట్రేకి మరీ దగ్గర. బెల్లం ఉంది కాబట్టి పైభాగం త్వరగా నల్లబడుతుంది, లోపల మాత్రం పచ్చిగానే ఉంటుంది. 25 నిమిషాలకు ఒకసారి చూసి, రంగు వచ్చేసి ఉంటే అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పాలి. కన్వెక్షన్ మైక్రోవేవ్ అయితే ఫ్యాన్ వల్ల 170 డిగ్రీలు చాలు. అల్యూమినియం ట్రే కన్వెక్షన్ మోడ్‌లో మాత్రమే పెట్టాలి, మైక్రోవేవ్ కలిసి పనిచేసే కాంబీ మోడ్‌లో పెట్టకూడదు. ఓవెన్ డయల్ మీద అంకెను పూర్తిగా నమ్మలేం. లోపల పెట్టే చిన్న థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే మిగతా బేకింగ్‌కీ పనికొస్తుంది.

అయిందో లేదో చూడటానికి ట్రేని కొంచెం కదపాలి. మధ్యభాగం మొత్తం ఒకే ముద్దగా కదిలితే చాలు, అలలా తొణికితే ఇంకో ఐదు నిమిషాలు. చాకు శుభ్రంగా బయటికొచ్చేదాకా ఆగితే చల్లారేసరికి పొడిబారుతుంది, ఎందుకంటే బయటికి తీశాక కూడా ఓట్స్ తడి పీలుస్తూనే ఉంటాయి. గంటసేపు ఆగాకే కోయాలి. వేడిగా కోస్తే ముక్క నిలబడదు.

ఇక పండ్లు. ఈ ఊళ్లో ఏ కాలంలో ఏది వేయాలన్నదే అసలు నేర్చుకోవాల్సిన పాఠం. అరటి ఏడాది పొడవునా ఆధారం, తీపికీ అంటుకునే గుణానికీ. చక్రకేళి అయితే మరీ మంచిది, తొక్క మీద నల్ల మచ్చలు పడ్డాక వాడాలి. యాపిల్ అర సెంటీమీటరు ముక్కలుగా కోయాలి, పెద్దవైతే లోపల పచ్చిగా మిగులుతుంది. మామిడి సీజన్‌లో బంగినపల్లి గట్టిగా, ఇంకా కాస్త పులుపున్నప్పుడు వేస్తే అద్భుతం. పాలు మాత్రం 60 మిల్లీలీటర్లు తగ్గించాలి, ముక్కలన్నీ పైనే వేయాలి. రసాల రకం మామిడి ఇందులో పెట్టడం వృథా, అడుగంతా జారుగా అయిపోతుంది. ఆ రసం తినేటప్పుడు పక్కన పోసుకోండి. సపోటా చాలామంది ఊహించనిది. బాగా మాగిన సపోటా వేస్తే బెల్లం 50 గ్రాములు చాలు. మాగనిది వేస్తే మాత్రం వగరు ట్రే అంతా పాకుతుంది.

జనవరి నుంచి వేసవి దాకా ద్రాక్ష చవగ్గా దొరుకుతుంది కదాని వేయొద్దు. పగిలి నీరు వదులుతుంది. దానిమ్మ గింజలు కాలితే గట్టిపడి చేదెక్కుతాయి, వడ్డించేటప్పుడు పైన చల్లుకోవడమే మేలు. సీతాఫలం గుజ్జుకీ వేడి పడదు, చేదవుతుంది. మహబూబ్‌నగర్ వైపు నుంచి కాయలు దిగే రోజుల్లో ముక్క మీద చల్లటి గుజ్జు ఒక చెంచా వేసుకుంటే అదే పండగ. అనాస పచ్చిది వేస్తే అందులోని ఎంజైమ్ పాలలో, గుడ్డులో ఉన్న ప్రొటీన్‌ను విరిచేస్తుంది. రాత్రి కలిపి పొద్దున బేక్ చేసే పద్ధతిలోనైతే తెల్లారేసరికి నీళ్లు తేలి చేదు వాసన వస్తుంది. ముక్కల్ని ఐదు నిమిషాలు బాగా ఉడికించి, వడకట్టి వేస్తే ఈ బెడద ఉండదు. బొప్పాయి గురించి చెప్పడానికేమీ లేదు, రుచి రాదు, నీరే.

పండ్లు ఖరీదైన రోజుల్లో ఖర్జూరం ఆదుకుంటుంది. గింజ తీసిన మెత్తటి ఖర్జూరాలు 100 గ్రాములు సన్నగా తరిగి, పాలలో అరగంట నానబెట్టి వేస్తే బెల్లం 30 గ్రాములకు దించొచ్చు. రంజాన్ నెలలో రకరకాలు దొరుకుతాయి, మిగతా రోజుల్లో బేగంబజార్ డ్రైఫ్రూట్ కొట్లు ఉన్నాయి. లోతైన అల్యూమినియం ట్రేలు కూడా అక్కడి పాత్రల కొట్లలో చూడొచ్చు.

గుడ్డు తినని ఇళ్లకు: ఒక్కో గుడ్డుకు బదులు ఒక పెద్ద చెంచా అవిసె గింజల పొడిని మూడు పెద్ద చెంచాల నీళ్లలో పది నిమిషాలు నాననిచ్చి వేయాలి. ముక్క నిలబడుతుంది గానీ అంచులు రాలుతాయి, బేక్ అవడానికి ఇంకో ఐదారు నిమిషాలు పడుతుంది. అరటిపండు మానేయకూడదు, గుడ్డు లేనప్పుడు పట్టు ఇచ్చేది అదే.

ముందుగా చేసుకోవడంలో రెండు దారులున్నాయి. రాత్రి పచ్చిగా కలిపి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున బేక్ చేయడం ఒకటి. అంచులు తాజాగా కరకరలాడతాయి, కానీ పొద్దున గంట పడుతుంది, ఓట్స్ రాత్రంతా నాని మెత్తబడతాయి, బేకింగ్ పౌడర్ బలం కొంత పోతుంది. ఇంకో ప్రమాదం గాజు ట్రే. ఫ్రిజ్‌లోంచి తీసిన గాజును వేడి ఓవెన్‌లో నేరుగా పెడితే పగలొచ్చు, బయట అరగంట ఉంచాలి. పూర్తిగా బేక్ చేసి దాచుకోవడమే నా ఓటు. వేసవిలో వంటింట్లో నలభై డిగ్రీలు ఉన్నప్పుడు ట్రేని రాత్రంతా బయట వదలొద్దు. గంట చల్లార్చి, కోసి, మూతబిగువు డబ్బాలో ఫ్రిజ్‌లోకి చేర్చాలి. మూడు రోజులు బాగుంటుంది, నాలుగోనాటికి పండు పులుస్తుంది. అంతకుమించి కావాలంటే విడివిడిగా బటర్ పేపర్‌లో చుట్టి ఫ్రీజర్‌లో పెడితే రెండు నెలలు రుచి పెద్దగా మారదు. మామిడి వేసినవి మాత్రం కరిగేటప్పుడు నీరొదులుతాయి.

షుగర్ ఉన్నవాళ్ల మాట. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ (నీటిలో కరిగే పీచు) రోజుకు 3 గ్రాములు తీసుకుంటే గుండెజబ్బు ముప్పు తగ్గొచ్చని 1997లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్యాకెట్ల మీద చెప్పుకోనిచ్చింది. ఇందులో ఒక ముక్కకు ఓట్స్ 25 గ్రాములే, అంటే బీటా గ్లూకాన్ ఒక గ్రాము. తోడుగా 10 గ్రాముల బెల్లం, అరటిపండు. కాబట్టి ఓట్స్ కదాని రెండు ముక్కలు లాగించేయొద్దు. బెల్లం పూర్తిగా మానేసి, యాపిల్‌తో చేసి, పలుకులు రెట్టింపు చేస్తే కాస్త నయం.

వేడి చేయడానికి మైక్రోవేవ్‌లో చెంచాడు పాలు చిలకరించి ఫ్రిజ్ ముక్కకు 45 సెకన్లు, ఫ్రీజర్ ముక్కకు నిమిషంన్నర. దానికన్నా పెనం మేలు: చుక్క నెయ్యి వేసి, సన్నటి మంట మీద, మూత పెట్టి ఒక్కో వైపు రెండు నిమిషాలు. బెల్లం అంచు మళ్లీ కరకరలాడుతుంది, మైక్రోవేవ్ అది ఇవ్వలేదు. స్నాక్స్ బాక్స్‌లో పెట్టాలంటే ఫ్రీజర్‌లోంచి తీసిన ముక్కనే నేరుగా పెట్టండి, పదింటి విరామానికి కరిగి తినేలా అవుతుంది. పాలు, గుడ్డు ఉన్న వంట కాబట్టి మధ్యాహ్నం భోజనం దాకా ఉంచకూడదు. మార్చి దాటాక బాక్స్‌లో అసలు పంపొద్దు.