వేప్‌లో సొంతంగా చుట్టుకున్న కాయిల్, పెట్టుకున్న దూది: దాదాపు నాలుగేళ్ల వాడకం తర్వాత నా మాట

మాది చండూరు దగ్గర పల్లె. నల్లగొండలో ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి, 2019లో షార్జా పోయాను. అప్పటికి రోజుకు పెట్టెన్నర సిగరెట్లు తాగేవాణ్ణి. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే అక్కడ వేప్‌ల (ఈ-సిగరెట్ల) అమ్మకానికి అనుమతి వచ్చింది. ట్యాంకులోని లిక్విడ్‌ను దూది పీల్చుకుంటుంది, బ్యాటరీతో వేడెక్కే తీగ చుట్ట, అంటే కాయిల్, దాన్ని ఆవిరి చేస్తుంది, ఆ ఆవిరిని పీలుస్తాం. ఎలాగైనా సిగరెట్ మానాలని ఒకటి కొన్నాను. మొదట వాడింది రెడీమేడ్ కాయిల్ బిగించేది. వారం పది రోజులకే కాయిల్ మాడిపోయేది, మళ్లీ కొనాలి. ఆరు నెలలు చూసి ఆర్‌టీఏకి మారాను. అంటే తీగ మనమే చుట్టి, దూది మనమే పెట్టుకునే ట్యాంకు. 2023 చివర్లో ఇంటికి వచ్చేదాకా అదే వాడాను.

కాయిల్ సంగతి తొందరగా చెప్పేస్తాను. అది అందరూ భయపడేంత కష్టం కాదు. నేను వాడింది 26 గేజ్ (తీగ మందం కొలత) కాంథల్ తీగ. ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన లోహం. మన కాయిల్ పొయ్యిలో ఉండే నైక్రోమ్‌కు దాయాది అనుకోండి. 3 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ మీద ఆరు చుట్లు చుడితే, స్క్రూలకు బిగించే రెండు కొనలతో కలిపి 7 సెంటీమీటర్ల పైచిలుకు తీగ పడుతుంది. మీటర్ పెడితే 0.8 ఓమ్ దగ్గర చూపించేది. నిండా చార్జ్ అయిన బ్యాటరీ 4.2 వోల్టులు. ఆ లెక్కన 5 ఆంపియర్ల పైన కరెంటు, 22 వాట్లు. ఐటీఐలో నేర్చుకున్న ఓమ్ సూత్రం రోజూ అక్కరకొచ్చింది. పది మీటర్ల తీగ చుట్ట ఒక్కటి కొంటే వందకు పైగా కాయిల్స్ అవుతాయి.

శ్రద్ధ పెట్టాల్సింది చుట్టడం అయ్యాక. స్క్రూలు బిగించి, దూది పెట్టకముందే, తక్కువ వాట్లలో బటన్ నొక్కి వదులుతూ చూడాలి. కాయిల్ నడుమ నుంచి ఎర్రబడి రెండు వైపులకూ సమంగా పాకాలి. ఒక చుట్టు మాత్రం ముందే భగ్గుమంటే అక్కడ తీగలు సరిగ్గా ఆనలేదని అర్థం. పింగాణీ కొనలున్న పట్టకారుతో మెల్లగా గీకి, దగ్గరికి నొక్కితే సర్దుకుంటుంది. ఇనుప పట్టకారైతే బటన్ వదిలాకే తగిలించాలి. ఒకసారి తీగ కొనను పూర్తిగా కత్తిరించకుండా మూత బిగించాను. అది లోపలి గోడకు తగిలి షార్ట్ అయింది. నాది రెసిస్టెన్స్ చూసుకుని ఆగిపోయే రకం కాబట్టి సరిపోయింది. ఆ రక్షణ లేని మెకానికల్ రకాలను నేను ఒక్కసారి కూడా ముట్టలేదు. కరెంటు పని తెలిసినవాడిగా ఎవరినీ ముట్టమని చెప్పను.

ఇక దూది. నన్ను ఏడిపించిందీ, చివరికి సంతోషపెట్టిందీ ఇదే. కాయిల్ ఎంత బాగా చుట్టినా దూది కుదరకపోతే అంతా వృథా. మొదటి నెలంతా రెండే తిప్పలు. దూది బిగువైతే లిక్విడ్ కాయిల్ దాకా ఎక్కదు. రెండో దమ్ముకే మాడిన దూది ఘాటు గొంతులో దిగి, సాయంత్రం దాకా ఆ చేదు పోదు. ఆ భయంతో తక్కువ పెడితే గాలి రంధ్రాల్లోంచి లిక్విడ్ కారి చొక్కా జేబంతా జిగట.

దారి చూపింది మా అమ్మ మాట. కార్తీక పౌర్ణమికి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో 365 వత్తుల కట్ట వెలిగించడం ఆమెకు ఆనవాయితీ. చిన్నప్పుడు పక్కన కూర్చుని నేనూ వత్తులు పేనేవాణ్ణి. నేను గట్టిగా పేనితే, "అట్ల బిగవెట్టకు కొడుకా, నూనె గుంజదు, ఉత్త వత్తే కాలుతది" అనేది. ఒక రాత్రి మాడిన దూది పీకుతుంటే ఆ మాట గుర్తొచ్చింది. అప్పటి నుంచి దూదిని పేనడమే మానేశాను. పోగులన్నీ ఒకే దిక్కుకు వచ్చేలా వేళ్లతో దువ్వాలి. ఒక కొన మాత్రం మెలిపెట్టి కాయిల్‌లోకి దూర్చాలి. లాగుతున్నప్పుడు కాయిల్ కొంచెం కదిలినట్టు ఉండాలి కానీ వంగకూడదు. బయటి కొనలను కత్తిరించి, సూదితో దువ్వి పల్చన చేసి, లిక్విడ్ వచ్చే గుంటల మీద ఆనించి వదిలేయాలి. కుక్కకూడదు. అప్పుడు నాలుగు చుక్కలు వేస్తే తెల్ల దూది గాజులా మారుతూ ఈ కొస నుంచి ఆ కొస దాకా నానడం కంటికి కనిపిస్తుంది. ఎక్కడైనా తెల్లగా మిగిలితే మూత పెట్టొద్దు.

మాది పత్తి పండించే ఇల్లు. 2022లో సెలవుకు వచ్చినప్పుడు మా చేలో పత్తినే గింజలు తీసి గుప్పెడు తీసుకుపోయాను. ఇంతకంటే మంచి దూది ఏముంటుందనుకున్నాను. లిక్విడ్ వేస్తే చేమాకు మీద నీటిబొట్టులా నిలబడిపోయింది, లోపలికి దిగలేదు. పచ్చి పత్తి పోగు మీద సన్నని మైనం పొర ఉంటుంది. దీపానికి అది అడ్డు కాదు, నూనె ఎక్కుతుంది. వేప్ లిక్విడ్‌లో ఉండేవి గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్. అవి నీళ్లతో కలిసే జాతి. బట్టల సోడా వేసి అరగంట ఉడకబెట్టి, నాలుగు నీళ్లు మార్చి ఆరబెట్టాక అదే పత్తి గటగటా తాగేసింది. ఆస్పత్రి దూదికీ ఇలాగే మైనం తీస్తారు, పైగా బ్లీచింగ్ చేస్తారు.

నా పత్తి పని చేసింది. అయినా రెండు రోజులకే తీసేశాను. గులాబీ రంగు పురుగు కోసం ఆ చేలో ఎన్నిసార్లు మందు కొట్టామో, పంపు వీపున మోసిన నాకు తెలుసు. ఆ పోగును కాలే తీగలో పెట్టి పీల్చడానికి మనసొప్పలేదు. మళ్లీ ఆర్గానిక్ దూది పట్టీలకే పోయాను.

దూది నాలుగైదు రోజులకోసారి మార్చేవాణ్ణి. కాయిల్‌ను ఎర్రగా కాల్చి, చల్లారాక కడిగితే నెల దాకా వచ్చేది. తియ్యటి ఫ్లేవర్లయితే రెండు రోజులకే తీగ మీద బెల్లం పాకం మాడినట్టు నల్లటి పొర కట్టేది. అందుకే వాటిని వదిలేశాను.

సిగరెట్ మూడు నెలల్లోనే మానేశాను. నికోటిన్ మాత్రం పోలేదు, ఈ మాట దాచి సమీక్ష రాయలేను. మిల్లీలీటరుకు 12 మిల్లీగ్రాముల నుంచి 6కు, తర్వాత 3కు దిగాను. అక్కడే రెండేళ్లు ఆగిపోయాను. సిగరెట్ కాలి అయిపోతుంది, ట్యాంకుకు అయిపోవడమనేది ఉండదు. పైగా సెలవు రోజు కూర్చుని కొత్త కాయిల్ చుట్టడం నాకు ఎంత ఇష్టమంటే, ఆ ఇష్టమే నన్ను ఇంకా కట్టిపడేసింది. రావడానికి నెలన్నర ముందు నుంచి నికోటిన్ లేని లిక్విడ్ వాడాను. మొదటి వారమంతా తలనొప్పి, నిద్ర లేదు, అందరి మీదా చిరాకు.

ఇక్కడ కూడా వేప్ ఇలా చేసుకోవచ్చా అన్నా అని ఊళ్లో తమ్ముళ్లు అడుగుతున్నారు. వద్దురా. మన దేశంలో 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నిషేధం. నిల్వ పెట్టినా ఆరు నెలల దాకా జైలు, లేదా 50,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అందుకే ట్యాంకు, తీగ చుట్ట, దూది అన్నీ షార్జాలోనే వదిలేశాను. బ్యాటరీలను పాత బ్యాటరీలు తీసుకునే డబ్బాలో వేశాను. 3 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ మాత్రం నా పనిముట్ల సంచిలో ఇంటికొచ్చింది. ఇప్పుడు దాంతో గోడలకు రంధ్రాలు వేస్తున్నాను.