సా మిల్లు చక్రాలకి బీ57 బెల్టులు, రెండు రకాలూ వాడాక నా రివ్యూ

ముందే చెప్తున్నా, ఇది సా మిల్లు (దుంగల్ని పలకలుగా కోసే మిషన్) రివ్యూ కాదు, ఆ మిల్లు చక్రాలకి ఉండే రెండు రబ్బరు బెల్టుల రివ్యూ. అంత చిన్న వస్తువుకి ఇంత కథా అంటే, దాని వల్ల నాకు మూడు వీకెండ్లు పోయాయి, కాబట్టి కథే.

మేం ఉండేది నార్త్ కరోలినాలో, మోర్గాంటన్ దగ్గర. 2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుఫాను వచ్చినప్పుడు ఇంటి వెనక ఓక్, పైన్, పాప్లర్ చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. వాటిని తీసుకెళ్లడానికి మనుషులు చెప్పిన రేటు విని కళ్లు తిరిగి, ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపి సెకండ్ హ్యాండ్‌లో పోర్టబుల్ సా మిల్లు కొనేశా. మా తాతగారికి రాజమండ్రిలో కలప అడితి ఉండేది, దుంగ చూస్తే చెయ్యి ఊరుకోదు మరి. ఆరు నెలల్లో అమ్మేస్తావు చూడు అంది మా ఆవిడ. ఇంకా అమ్మలేదు.

తెలియని వాళ్ల కోసం, ఇందులో రంపం బ్లేడు రిబ్బన్‌లాగా 19 అంగుళాల చక్రాలు రెండిటి మీద తిరుగుతుంది, కానీ ఇనుము మీద ఆనదు. చక్రం చుట్టూ గాడి, గాడిలో వీ బెల్టు, ఆ బెల్టు వీపు మీద బ్లేడు. మన పిండిమరకి మోటార్ నుంచి వేస్తారే, అదే జాతి బెల్టు, కాకపోతే ఇక్కడ దాని పని బ్లేడుకి పరుపులా ఉండడం. అది అరిగి కిందకి దిగిందంటే బ్లేడు చక్రం అంచుకి రాసుకోవడం మొదలవుతుంది, వేడెక్కి పళ్ల సందుల్లో పగులు ఇచ్చి ఏదో ఒకరోజు టప్పుమని తెగుతుంది. నాకు ఒకటి అలాగే తెగింది, అప్పుడు కవర్ తీసి చూస్తే బెల్టు మధ్యలో చదునుగా అద్దంలా మెరుస్తోంది.

సరే అని ఆన్‌లైన్‌లో చవగ్గా మూడు బెల్టుల ప్యాక్ తెప్పించా. పేరు చెప్పను, అసలు దాని మీద పేరుంటే కదా, బీ57 అనే నంబర్ ఒక్కటే ఉంది. బీ అంటే సెక్షన్, అంటే బెల్టు అడ్డకోత సైజు, పైన వెడల్పు 17 మిల్లీమీటర్లు మందం 11, 57 అంటే లోపలి కొలత అంగుళాల్లో, బయట కొలిస్తే 60 వస్తుంది. నంబర్ కరెక్టే, గాడిలో కూడా బాగానే కూర్చుంది, ఇంకేంటి అనుకున్నా.

మొదటి పలక కోయగానే దాని మీద అడ్డంగా గీతలు, రేకుల షెడ్డు పైకప్పులాగా. బ్లేడు మొద్దుబారిందనుకుని కొత్తది వేశా, గీతలు పోలేదు. బ్లేడుని దారిలో పట్టి ఉంచే గైడ్ రోలర్లు సరిచేశా, లాభం లేదు. బేరింగులు మార్చా, డబ్బులు దండగ. మూడో ఆదివారం విసుగొచ్చి పలక మీద టేపు పెట్టి గీతల మధ్య దూరం కొలిచా, దాదాపు పావు అంగుళం. అక్కడ వెలిగింది బల్బు. నా బ్లేడు స్పీడు నిమిషానికి సుమారు 5000 అడుగులు, అంటే 60000 అంగుళాలు, బెల్టు చుట్టు 60 అంగుళాలు కాబట్టి చక్రం నిమిషానికి 1000 చుట్లు. బ్లేడు, చక్రాలు ఉండే మిల్లు తలని నేను దుంగ మీదుగా తోసేది నిమిషానికి 20 అడుగులు, అంటే 240 అంగుళాలు. 240ని వెయ్యితో భాగిస్తే సుమారు పావు అంగుళం. తప్పు బ్లేడుదే అయితే, నా బ్లేడు పొడవు 158 అంగుళాలు కాబట్టి గీతకీ గీతకీ అర అంగుళం పైనే రావాలి. అంటే దోషం చక్రానిదో బెల్టుదో, బ్లేడుది మాత్రం కాదు. ఈ లెక్క ముందే వేసుంటే బేరింగుల డబ్బులు మిగిలేవి.

బెల్టు ఊడదీసి చుట్టూ వెర్నియర్ పెట్టి చూస్తే ఒకచోట 10.2, అతుకు దగ్గర 11.4. మిల్లీమీటరు పైన తేడా! చక్రం తిరిగినప్పుడల్లా బ్లేడు ఆ గుబ్బ ఎక్కి దిగుతోందన్నమాట. ప్యాక్‌లో మిగతా రెండూ ఇంతే.

ఈలోగా నేను చేసిన ఇంకో తెలివితక్కువ పని, బిగువుగా ఉంటే మంచిదేమో అని బీ56 తెచ్చా. ఈ బెల్టుల్లో దారాలు ఉంటాయి, రబ్బరు బ్యాండులా సాగవు. సగం ఎక్కింది, మిగతా సగం స్క్రూడ్రైవర్‌తో ఎత్తబోతే పైన గుడ్డ చిరిగింది. చెత్తబుట్టలోకి.

చివరికి ఊళ్లో ఆటో పార్ట్స్ షాపుకెళ్లి గేట్స్ వాళ్ల హై-పవర్ II బీ57లు రెండు తెచ్చా. వాటిలో ఒక్కదాని ఖరీదుకి ఆ చవక ప్యాక్ మొత్తం వచ్చేసింది, అది మాత్రం గుచ్చుకుంది. వెర్నియర్ జేబులో పెట్టుకెళ్లి కౌంటర్ దగ్గరే ఆరు చోట్ల కొలిచా, కౌంటర్ అతను వింతగా చూశాడు, చూడనీ. చుట్టూ ఒకే మందం. కింద పళ్లుండే బీఎక్స్ రకం కూడా చూపించాడు గానీ నేను గుడ్డ చుట్టిన మామూలు రకమే తీసుకున్నా. ఇంజన్ నుంచి పవర్ తెచ్చే చోట ఆ పళ్ల రకం బాగుంటుంది, బ్లేడు కింద నాకు నున్నటి వీపు చాలు. కొన్ని మిల్లుల్లో ఇంజన్ బెల్టే డ్రైవ్ చక్రం (ఇంజన్ తిప్పే చక్రం) గాడిలో తిరుగుతుంది, బ్లేడు దాని మీదే నడుస్తుంది, మీది అలాంటిదైతే ఆ వైపు నంబర్ వేరే ఉంటుంది, మాన్యువల్ చూసుకుని కొనండి.

ఫిట్టింగ్ పెద్ద విద్యేం కాదు, తొందరపడకూడదంతే. బ్లేడు బిగువు వదులు చేసి, మందపాటి గ్లోవ్స్ వేసుకుని బ్లేడు తియ్యాలి, వదిలితే పాములా ఎగురుతుంది. పాత బెల్టు కత్తితో కోసేయొచ్చు. అసలు పని గాడి శుభ్రం చెయ్యడమే, పైన్ బంకలో రంపపు పొట్టు కలిసి సిమెంటులా గట్టిపడి ఉంటుంది, అది వదిలేసి పైన కొత్త బెల్టు వేస్తే మీరే చేజేతులా గుబ్బ తయారుచేసినట్టు. వైర్ బ్రష్‌తో గీకడానికే నాకు అరగంట పట్టింది. బెల్టుల్ని కాసేపు ఎండలో పెట్టి, సబ్బునీళ్లు రాసి, పైనుంచి మొదలెట్టి చక్రం తిప్పుతూ బొటనవేళ్లతో నొక్కుతూ పోతే చివరి జానెడు కూడా దిగిపోయింది. అవసరమైతే చెక్క బద్ద వాడండి, ఇనుము వద్దు.

బెల్టు మారిస్తే బ్లేడు నడిచే చోటు కూడా మారుతుంది, ట్రాకింగ్ మళ్లీ పెట్టుకోవాల్సిందే. అంగుళంపావు వెడల్పు బ్లేడుకి పళ్ల అడుగు చక్రం ముందు అంచుకి ఒక మూడు మిల్లీమీటర్లు బయటికి ఉండాలి, నేనైతే చక్రం చేత్తోనే తిప్పి చూసి ఆ తర్వాతే ఇంజన్ స్టార్ట్ చేశా. బంక పట్టకుండా బ్లేడు మీద డీజిల్ కారుస్తారు కొందరు, డీజిల్ తగిలితే రబ్బరు ఉబ్బుతుంది, నేను సబ్బునీళ్లే వాడుతున్నా.

కొత్త బెల్టులతో మొదటి ఓక్ పలక అరచేత్తో నిమిరి చూసుకున్నా, గీత లేదు. ఇప్పటికి 80 గంటలు నడిచింది. 50 గంటలకోసారి రెండు చక్రాల బెల్టులూ అటుదిటు మారిస్తే ఎక్కువ కాలం వస్తాయంటారు, ఒకసారి మార్చి తేదీ కవర్ లోపల చాక్‌పీసుతో రాసి పెట్టా.

గేట్స్ బెల్టుకి అయిదుకి నాలుగున్నర, ఆ అర కోసింది రేటుకి. చవక ప్యాక్‌కి ఒకటి, అది కూడా ఎందుకంటే మిగిలిన రెండు బెల్టులతో షెడ్డు తలుపు ఊగకుండా కట్టాం, గట్టిగానే ఉన్నాయి.