వసారా చూరుకి వాన గొలుసు: వాడి చూశాక చెబుతున్నాను

చూరు నీళ్ళు కిందికి దించే గొట్టం తీసేసి ఆ చోట గొలుసు వేలాడదీస్తే మన గోదావరి జిల్లాల వానకి తట్టుకుంటుందా అని మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతారు. చిన్న వాలుకి తట్టుకుంటుంది. ఇంటి కప్పు మొత్తానికి తట్టుకోదు. మేము వేయించింది 2021 వేసవిలో. అప్పటినుంచీ మృగశిర జల్లులు, శ్రావణం ముసుర్లు, అక్టోబరు, నవంబరు నెలల వాయుగుండాలు అన్నీ దాని మీదుగానే దిగాయి. కాబట్టి ధైర్యంగానే చెబుతున్నాను.

మాది అమలాపురం దగ్గర కొబ్బరితోటల మధ్య పాత పెంకుటిల్లు. ముందు వసారా, వెనక వంటింటి పంచ. రెండింటి చూరుకీ నీళ్ళు పట్టే జీఐ (జింకు పూత వేసిన ఇనుప) రేకు గట్టర్, దానికి పీవీసీ గొట్టం ఉండేవి. ఆ గొట్టంతో పడ్డ బాధ కొబ్బరితోటల్లో ఉన్నవాళ్ళకి విడిగా చెప్పక్కర్లేదు. రాలిన పూత, పిందెల ముచ్చికలు, ఈనెల ముక్కలు, ఉడుతలు చేర్చిన పీచు అన్నీ మోచేతి వంపు దగ్గర చేరి బిగుసుకుపోయేవి. లోపల ఏం అడ్డుపడిందో కనపడదు. గట్టర్ నిండి నీళ్ళు వెనక్కి తన్ని వాసాల మీదకి పోతేగాని తెలిసేది కాదు. గొలుసు వైపు నా మనసు మళ్ళింది అందుకే, అందం కోసం కాదు. అందం తర్వాత తెలిసింది.

జపాన్‌లో గుళ్ళకీ, తేనీటి కుటీరాలకీ ఈ గొలుసులు ఎప్పటినుంచో ఉన్నాయి. అక్కడ వీటిని కుసరి దోయి అంటారు. ఎక్కువగా రాగితో చేస్తారు. కడియాలు కలిపినవి, గిన్నెలు వరసగా వేలాడదీసినవి అని రెండు రకాలు. పని చేసే తీరు చాలా తేలిక. సన్నగా కారే నీరు లోహాన్ని అంటిపెట్టుకుని జారుతుంది. గిన్నెల గొలుసులో ధార పెరిగితే ఒక గిన్నెలోంచి కింది గిన్నెలోకి దూకుతూ దిగుతుంది. ఆ గిన్నెల అడుగున పెద్ద కన్నం ఉంటుంది, నీళ్ళు నిలవవు.

మా దగ్గర రెండు రకాలూ ఉన్నాయి. వెనక పంచకి ఆన్‌లైన్‌లో తెప్పించిన కడియాల గొలుసు. అల్యూమినియంది, పైన రాగి రంగు పూశారు. ముందు వసారాకి అజ్జరంలో చెప్పి చేయించిన ఇత్తడి గిన్నెల గొలుసు. తణుకు వైపు వాళ్ళకి అజ్జరం గురించి తెలుసు, బిందెలూ గంగాళాలూ గుడి గంటలూ చేసే ఊరు. బొమ్మ గీసి, కొలతలు రాసి తీసుకెళ్ళాం. గిన్నె మూతి మూడంగుళాలు, ఎత్తు నాలుగంగుళాలు, అడుగున బొటనవేలు పట్టేంత కన్నం. పనాయన గీసిన బొమ్మ చూసి, “ఇదేం గిన్నెమ్మా, నీళ్ళు నిలవవు కదా!” అన్నారు. సంగతి చెప్పాక ఆయనే ఒక మంచి మార్పు చేశారు. గిన్నె అంచుని కాస్త లోపలికి మడిచారు. దానివల్ల ధార జోరుగా పడ్డప్పుడు చిందటం బాగా తగ్గింది. ధర తూకం మీద లోహం, పైన మజూరీ. కడియాల గొలుసుకంటే చాలా ఎక్కువే అయింది. అయినా ఈరోజు మళ్ళీ కొనమన్నా నేను ఇత్తడి గిన్నెలదే చేయిస్తాను.

ఎందుకంటే రెండింటికీ పనిలో పోలిక లేదు. కడియాల గొలుసు తేలిక. కాస్త గాలికే ఊగుతుంది, ఊగినప్పుడల్లా నీళ్ళు గోడ మీదకి చిమ్ముతాయి. సన్న చినుకుకి బాగానే ఉంటుంది. వాన పెరిగితే ధార కడియాలని వదిలేసి పక్కనుంచి పడిపోతుంది. పైపూత ఉప్పుగాలికి రెండో ఏడాదే పొరలుగా లేచింది. గిన్నెల గొలుసు బరువుగా నిటారుగా ఉంటుంది, నీళ్ళు పడేకొద్దీ ఇంకా కుదురుగా నిలుస్తుంది. కడియాల గొలుసులో మెచ్చుకోవలసింది ఒకటుంది. చెత్త నిలవదు. గిన్నెల్లో అప్పుడప్పుడూ ఆకు అడ్డుపడుతుంది, నీళ్ళు ఒక పక్కకి పొర్లడం చూసి తెలుసుకోవచ్చు. గొలుసు పట్టుకుని దులిపితే పోతుంది. ఎండాకాలంలో గిన్నెల చాటున కందిరీగలు పట్టు కట్టాయి. వాటిని దులిపేటప్పుడు మాత్రం జాగ్రత్త.

ఎంత నీరు దిగుతుందో లెక్క వేసుకోకుండా ఈ పనిలోకి దిగొద్దు. లెక్క కష్టమేమీ కాదు. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. మా వసారా కప్పు 200 చదరపు అడుగులు, అంటే సుమారు 18.6 చదరపు మీటర్లు. గంటలో 25 మిల్లీమీటర్లు పడితే 465 లీటర్లు, నిమిషానికి ఎనిమిది లీటర్లలోపే. గిన్నెల గొలుసు దాన్ని హాయిగా దించుతుంది, చింద, అంటే చిందే తుంపర, అరుగు దాకా రాదు. అదే గంటకి 100 మిల్లీమీటర్ల జోరుతో కురిస్తే నిమిషానికి 31 లీటర్లు, దగ్గర దగ్గర రెండు బక్కెట్లు. అప్పుడు గిన్నెలు పొర్లిపోతాయి, గొలుసు చుట్టూ తెల్లటి ధార ఏర్పడుతుంది. అయినా నీరు గొలుసునే ఆనుకుని కిందికే వస్తుంది, చింద రెండడుగుల దాకా పోతుంది. ఇంతవరకూ సరే. మా ఇంటి పెద్ద వాలు 700 చదరపు అడుగులు. అదే జోరులో అక్కణ్ణుంచి నిమిషానికి వంద లీటర్ల పైనే దిగుతుంది. అంత నీటిని ఏ గొలుసూ పట్టలేదు. అందుకే పెద్ద వాలుకి గొట్టమే ఉంచాం.

వాతావరణ శాఖ 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం అంటుంది. గొలుసుకి మాత్రం రోజు మొత్తం లెక్కతో పనిలేదు. అదే 65 మిల్లీమీటర్లు రోజంతా ముసురుగా పడితే గొలుసుకి అది అసలు పనే కాదు. ముప్పావుగంటలో కుమ్మరిస్తే పరీక్ష. మన దగ్గర రెండూ ఉంటాయి కాబట్టి రెండోదానికి సిద్ధపడే కట్టుకోవాలి.

బిగించే పని సగం రోజుది. గట్టర్‌కి పది అడుగులకి పావంగుళం చొప్పున వాలు ఉండాలి. అది లేకపోతే ముందు దాన్ని సరిచేయించుకోండి. గొట్టం ఊడదీశాక గట్టర్ కన్నం నాలుగంగుళాల వెడల్పు ఉంటుంది. అందులోంచి నీళ్ళు ఎటు బడితే అటు పడతాయి, గొలుసు మీద కాదు. ఆ కన్నంలో రెండున్నర అంగుళాల మూతితో చిన్న గరాటులాంటిది దింపించాలి. నీళ్ళన్నీ నడిమధ్యకి చేరి గొలుసు నెత్తిన పడేది దానివల్లే. నా అనుభవంలో గొలుసు మంచిదా కాదా అనేది సగం ఈ గరాటు మీదే తేలుతుంది. గొలుసుని మోసేది గట్టర్ కన్నానికి అడ్డంగా పెట్టే కమ్మీ. అది స్టెయిన్‌లెస్ స్టీలుదే వాడండి. రాగి, ఇత్తడి నేరుగా జీఐ రేకుని తగిలితే తడిలో ఆ రేకు మీది జింకు పూత తినేస్తుంది. సముద్రం దగ్గరున్న మన ఊళ్ళల్లో ఇంకా తొందరగా. మా మేస్త్రి గారు కమ్మీ ఆనే చోట రబ్బరు ముక్క కూడా వేశారు. ఇప్పటికీ అక్కడ తుప్పు లేదు. గట్టర్ రేకు పల్చగా ఉంటే బరువు దాని మీద వేయకుండా వాసానికి కొక్కెం దిగ్గొట్టి కట్టించడం మేలు.

గోడకీ స్తంభానికీ కనీసం అడుగున్నర ఎడం ఉండాలి. పాత పెంకుటిళ్ళల్లో చూరు బాగా ముందుకి ఉంటుంది కాబట్టి మాకు అది కలిసొచ్చింది. వసారా స్తంభాలు టేకువి. చింద రోజూ తగిలితే మొదలు మెత్తబడుతుంది. వెనక పంచ దగ్గర ఎడం తక్కువ. అక్కడ సున్నం గోడకి మోకాలెత్తు దాకా పాచి పట్టింది, ఏటా గీకి సున్నం వేయించాల్సి వస్తోంది.

ఇక అసలు సంగతి, కింద పడ్డ నీళ్ళు ఎటు పోతాయి? గొలుసు కింద గొయ్యి తీసి కంకర నింపితే నేలలోకి ఇంకిపోతుందని చెప్పేవాళ్ళున్నారు. మెరక నేలల్లో కుదురుతుంది. మన నల్లరేగడి, ఒండ్రు నేలల్లో వానాకాలం రెండడుగులు తవ్వితే నీళ్ళు పైకే ఊరుతుంటే కొత్త నీరు ఎక్కడికి ఇంకుతుంది? గొయ్యి నిండి వాకిలంతా బురదవుతుంది. మా ఇంట్లో పశువులు ఉన్న రోజుల నాటి రాతి కుడితి తొట్టి దొడ్లో ఊరికే పడి ఉంది. దాన్ని గొలుసు కిందకి తెచ్చాం. అడుగున ఉన్న తూము తెరిచే ఉంచి, దానికి గొట్టం తగిలించి కొబ్బరి వరసల మధ్య బోదెలోకి వదిలాం. తొట్టిలో కడిగిన కంకర పోయించాం. ఇక్కడ గోదారిలో ఇసుకా ఒండ్రే గాని గులకరాళ్ళు దొరకవు, రాజమండ్రి వైపు క్వారీ నుంచి వచ్చిన 40 ఎం.ఎం. కంకరే వాడాం. గొలుసు చివర తొట్టి మధ్యలో ఓ బరువైన రాయికి బిగించి ఉంది. కట్టకుండా వదిలేస్తే గాలికి ఊగి గట్టర్‌ని పీకేస్తుంది.

తూము మూయొద్దని మళ్ళీ చెబుతున్నాను. వారం నిలిచిన మంచినీళ్ళు చాలు డెంగీ దోమకి. గిన్నెల గొలుసు కింద తామరతొట్టి పెట్టి దోమ పిల్లల్ని తినే గప్పీ చేపలు వేద్దామనుకునేవాళ్ళు రాగి, ఇత్తడి గొలుసులు వాడకండి. రాగి కొద్దిగా కరిగినా చేపలకి పడదు. మొక్కలకి ఆ నీళ్ళు ఇన్నేళ్ళూ వాడుతున్నాం, ఇబ్బంది లేదు.

మా అత్తయ్యగారు మొదట ఒప్పుకోలేదు. ఆవిడ కాపరానికి వచ్చిన కొత్తల్లో చూరు కింద గంగాళాలు వరసగా పెట్టి వాననీళ్ళు పట్టేవారట. బావి ఉప్పన, ఆ నీళ్ళతో కందిపప్పు ఉడికేది కాదు, చూరునీళ్ళతో ఇట్టే మెత్తబడేది. “నీళ్ళు పట్టుకునే ఏర్పాటు చెయ్యండిరా అంటే నగలు చేయిస్తారా ఇంటికి?” అని మా ఆయన్ని కోప్పడ్డారు. ఆవిడ మాటలో న్యాయం ఉంది. గొలుసు తెరిచి ఉంటుంది, గాలికి దుమ్మూ ధూళీ కలుస్తాయి. తాగడానికీ వంటకీ దాచే నీళ్ళు దీని మీదుగా రాకూడదు. అందుకే పెద్ద వాలు గొట్టానికి, తొలివాన నీళ్ళు పక్కకి వదిలే మూతా వడపోతా పెట్టించి ట్యాంకుకి కలిపాం. ఇప్పుడు పప్పు ఆ నీళ్ళతోనే ఉడుకుతోంది. ఆవిడ మధ్యాహ్నం కునుకు మానేసి వసారాలో కుర్చీ వేసుకుని గొలుసు చూస్తూ కూర్చుంటారు. చినుకు మొదలైనప్పుడు పై గిన్నె నిండి కింది గిన్నెలోకి దిగే వరకూ పట్టే ఆ కాస్త ఆలస్యం అంటే ఆవిడకి ఇష్టం. నాకూ అంతే. గొట్టంలో దాక్కుని పోయే నీటిని ఇన్నేళ్ళు చూడకుండా ఎలా ఉన్నామా అనిపిస్తుంది.

చప్పుడు గురించి కూడా చెప్పాలి. ముసురు రాత్రుల్లో గిన్నెల గొలుసు చప్పుడు గలగలమని సన్నగా వస్తుంది, నాకు నిద్ర బాగా పడుతుంది. మా ఆడపడుచు వచ్చినప్పుడు మాత్రం వెనక గదిలోనే పడుకుంటుంది. పడకగది కిటికీ పక్కన వేయించేముందు ఇంట్లో అందర్నీ అడగండి.

తుఫాను హెచ్చరిక వస్తే గొలుసు దించెయ్యాలి. 1996 నవంబరు తుఫానులో కోనసీమ కొబ్బరి ఎలా కూలిందో చూసినవాళ్ళు మా ఇంట్లో ఉన్నారు, ఈ మాటలో వాళ్ళు ఎవరి మాటా వినరు. ఎగిరే గొలుసు కిటికీ అద్దాలనీ పెంకుల్నీ పగలగొడుతుంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ సాయంత్రానికే గొలుసు ఇంట్లోకి వచ్చేసింది. కమ్మీ మీంచి కొక్కెం తప్పిస్తే చాలు, ఒక్కరే దించొచ్చు. గరాటు మూతికి సరిపోయే పీవీసీ గొట్టం ముక్క ఒకటి మేము సిద్ధంగా ఉంచుకుంటాం. గొలుసు తీయగానే అది దూర్చి, స్తంభానికి తాడుతో కట్టేస్తాం. అది లేకపోతే గాలికి ఆ ధారంతా వసారాలోకే కొడుతుంది. ఊరెళ్ళేటప్పుడు కూడా దించి లోపల పెట్టుకుంటాం. ఇత్తడి, రాగి బయట ఉంటే దొంగల కళ్ళు పడతాయి.

రంగు మొదటి వానాకాలంలోనే తగ్గిపోతుంది. రెండో ఏడాదికి కీళ్ళ దగ్గర పచ్చటి చిలుము మొదలైంది. దసరాకి, సంక్రాంతికి ఇత్తడి సామాన్లతో పాటు చింతపండు పెట్టి తోమేవాళ్ళం. ఇప్పుడు మానేశాను. చిలుము పట్టిన గొలుసు పాత పెంకులకి ఎక్కువ నప్పింది, పనిలో తేడా ఏమీ లేదు. కీళ్ళు మాత్రం ఏటా రోహిణి కార్తెలో నిచ్చెన వేసి చూస్తాం. అరిగిన కొక్కేలు ఒకసారి మార్పించాం.

డాబా ఇళ్ళవాళ్ళు అడిగితే నేను చెప్పేది వేరు. స్లాబు మొత్తం నీరు రెండు మూడు తూముల్లోంచే వస్తుంది, రెండంతస్తుల ఎత్తు నుంచి గొలుసు వేస్తే గాలికి ఎటుపోతుందో చెప్పలేం. పోర్టికో మీది చిన్న స్లాబుకో, మెట్ల గది కప్పుకో వేసుకోండి. పది అడుగుల ఎత్తు మించకుండా, కింద డ్రెయిన్‌కి దారి ఉండేలా చూసుకుని గిన్నెల గొలుసే తీసుకోండి. తూము గోడలోంచి ఎంత ముందుకి వచ్చిందో ముందు కొలవండి. అడుగున్నర లేకపోతే మేస్త్రితో తూము పొడిగించుకున్నాకే గొలుసుకి కబురు పెట్టండి.