నెల్లూరులో స్లాట్ మెషిన్ మోడల్‌కి సామాన్లు కొన్న షాపు గురించి

మాది కావలి, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్తాను. మూడు నెలల్లో ఆరేడు సార్లు నెల్లూరు వచ్చి ఒకే షాపులో కొన్నాను కాబట్టి రాస్తున్నా. ట్రంకు రోడ్డు మీద నుంచి లోపలికి పోయే సందులో, ఒకప్పుడు రేడియో విడిభాగాలు అమ్మిన పాత షాపు ఇది, ఇప్పుడు సెన్సర్లు, మోటర్లు, ఆర్డినో బోర్డులు కూడా పెడుతున్నారు.

ఈసారి ఫైనలియర్ పిల్లలతో చేయించింది కాసినోల్లో ఉండే స్లాట్ మెషిన్ మోడల్, అంటే మీట నొక్కితే బొమ్మలున్న చక్రాలు తిరిగి, ఒకే బొమ్మ వరసగా పడితే డబ్బులొచ్చే జూదం మెషిన్. డబ్బులు పెట్టి ఆడేది కాదు, లోపల ఏం జరుగుతుందో చూపించేది. కారణం ఉంది. మా బావమరిది రెండేళ్ల కింద ఫోన్‌లో ఇలాంటి మూడు చక్రాల ఆట ఆడి, రొయ్యల గుంట లీజుకి దాచుకున్న డబ్బంతా పోగొట్టుకున్నాడు. "ప్రతిసారీ ఒక్క గడిలో తప్పిపోతా ఉంది బావా, ఇంకాస్త ఆడుంటే పడేది" అనేవాడు. ఆ ఒక్క గడి ఎందుకు తప్పిపోతుందో వాడి కళ్లతో వాడే చూడాలని మొదలుపెట్టాను.

దానికోసం ఇంగె టెల్నేస్ అనే ఆయన స్లాట్ మెషిన్ మీద తీసుకున్న పేటెంటు చదివాను, 1984లో అమెరికాలో ఇచ్చారు, ఎవరైనా నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. అంతకుముందు చార్లెస్ ఫే చేసిన లిబర్టీ బెల్ అనే పాతకాలం స్లాట్ మెషిన్ నుంచీ చక్రం తిరిగి ఎక్కడ ఆగితే అదే ఫలితం. ఒక్కో చక్రం మీద 22 చోట్లుంటే మూడు చక్రాలకి మొత్తం 10,648 కలయికలే వస్తాయి, అంతకన్నా అరుదైన పెద్ద బహుమతి పెట్టాలంటే చక్రాన్ని పెంచాలి, లేదా ఇంకో చక్రం చేర్చాలి, రెండూ చూస్తే ఆడేవాళ్లకి అనుమానం వస్తుంది. టెల్నేస్ ఏం చేశాడంటే, మీట నొక్కగానే కంప్యూటర్ ఒక అంకె తీసుకుంటుంది, ఏ అంకెకి ఏ బొమ్మ అనేది లోపలున్న పట్టికలో రాసి ఉంటుంది, చక్రం ఆ బొమ్మ దగ్గరికి వచ్చి ఆగుతుంది, అంతే. పట్టికలో 64 అంకెలుంటే కలయికలు 2,62,144 అవుతాయి, కంటికి మాత్రం అదే చిన్న చక్రం కనబడుతుంది. చట్టం హద్దుల్లోనే ఉంటూ, నిజంగా ఉన్నదాని కన్నా గెలిచే అవకాశం ఎక్కువ ఉన్నట్టు ఆడేవాడికి అనిపించాలని ఆయన ఆ పేటెంట్లో దాచకుండా రాశాడు. అది చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఇక షాపు విషయం. చక్రాలు తిప్పడానికి చిన్న స్టెప్పర్ మోటర్లు, అంటే చిన్న చిన్న అడుగులుగా తిరిగేవి, 28బీవైజే-48 రకం, మూడు తీసుకున్నాం. పుస్తకాల్లో చుట్టుకి 2048 అడుగులు అని ఉంటుంది, మేం చక్రానికి 16 బొమ్మలు అతికించి బొమ్మకి 128 అడుగులని లెక్కేసుకున్నాం. కాసేపు బాగా తిరిగాక బొమ్మలు పక్కకి జరగడం మొదలైంది. పిల్లలకి టెన్షన్, రేపు డెమో. మోటర్లు పట్టుకుని బస్సెక్కి వచ్చి, "ఇవి పాడైపోయినవి ఇచ్చారన్నా" అని కొంచెం గట్టిగానే అన్నాను. షాపాయన కోపం తెచ్చుకోలేదు, మోటర్ ఒకటి అక్కడే విప్పి, లోపల పళ్లచక్రాలు చూపించి, "తప్పు మోటర్ది కాదు సార్, ఈ పళ్లచక్రాల నిష్పత్తి 64 అని రాస్తారు గానీ నిజంగా వచ్చేది 63.68, మీకు చుట్టుకి పది అడుగులు తేడా పడతా ఉంది" అన్నాడు. లెక్కేస్తే పన్నెండు పదమూడు చుట్లకే ఒక బొమ్మ జరిగిపోతుంది, మేం చూసిందీ అదే. చక్రానికి చిన్న అయస్కాంతం అతికించి, అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ పెట్టి, ప్రతి చుట్టుకీ మొదలు చోటు చూసుకోమన్నాడు. అసలు స్లాట్ మెషిన్లలో కూడా చక్రం ఎక్కడుందో ఇలాగే సెన్సర్‌తో సరిచూస్తారు. మూడు సెన్సర్లకి తొంభై రూపాయలు తీసుకున్నాడు. ఖరీదైన మోటర్లు అంటగట్టడానికి అంతకన్నా మంచి అవకాశం ఉండదు, ఆయన ఆ పని చేయలేదు.

మా మోడల్ పట్టికలో '7' అని ఉన్న బొమ్మకి 64 అంకెల్లో ఒక్కటే ఇచ్చాం, దాని పైనా కిందా ఉన్న ఖాళీలకి ఎనిమిదేసి. అంటే ఒక చక్రం మీద ఏడు పడేది 64 సార్లకి ఒకసారి, ఏడుకి ఒక్క గడి అవతల ఆగేది నాలుగు సార్లకి ఒకసారి. పక్కనే చిన్న తెర మీద పట్టిక వెలుగుతూ కనబడుతుంది. బావమరిది గంటసేపు నొక్కాడు. మధ్యలో తెర చూడ్డం మొదలుపెట్టి, చక్రాలు ఆగకముందే ఫలితం చెప్పేశాడు. తర్వాత ఏం మాట్లాడలేదు, వాళ్లక్క పెట్టిన అన్నం తిని ఇంటికెళ్లాడు.

షాపులో లోటు లేదని కాదు. బిల్లు అడిగితే తప్ప ఇవ్వరు, కాలేజీకి లెక్క చూపించేవాళ్లు ముందే చెప్పండి. ఆదివారం మూస్తారు, మధ్యాహ్నం భోజనానికి కూడా షట్టరు దించుతారు, కాబట్టి బయటి ఊర్ల నుంచి వచ్చేవాళ్లు పొద్దున్నే రండి. పెద్ద పవర్ సప్లైలు దొరకవు, మేం వేరే చోట కొనాల్సి వచ్చింది. సందులో బండి పెట్టే చోటు లేదు, ట్రంకు రోడ్డు మీదే ఎక్కడైనా ఆపి నడవాలి. మోటర్ కొంటే మాత్రం అక్కడే తిప్పి చూపించమనండి, విసుక్కోకుండా తిప్పి చూపిస్తారు.