ఎఫ్ఐఆర్ నుంచి సర్టిఫైడ్ కాపీ దాకా: ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

పోలీసు కాగితాలు, కోర్టు కాగితాలు ఎలా తెచ్చుకోవాలని మా బంధువుల్లో ఎవరికి సందేహం వచ్చినా ఇప్పుడు నాకే ఫోన్ చేస్తారు. మా ఇంట్లో చాలా ఏళ్లుగా రెండు వ్యవహారాలు నడుస్తున్నాయి. ఒకటి కోస్తాలోని ఒక చిన్న పట్టణం కోర్టులో తాతగారి పొలం మీద పార్టిషన్ దావా. రెండోది విజయవాడ–హైదరాబాద్ హైవే మీద, తెలంగాణ వైపు మా తమ్ముడికి జరిగిన యాక్సిడెంట్. దాంతో రెండు రాష్ట్రాల స్టేషన్లు, పోలీసు సైట్లు, ఈ-కోర్ట్స్ యాప్, కోర్టు కాపీయింగ్ సెక్షన్లు (కోర్టు ఫైళ్లలోని కాగితాలకు సీలు వేసిన సర్టిఫైడ్ కాపీలు ఇచ్చే విభాగాలు), ఆర్టీఐ, అన్నీ వాడాల్సి వచ్చింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అందరూ జంకే కోర్టు కాపీయింగ్ సెక్షనే వీటన్నిటిలో నమ్మదగింది. అందరూ మొదట పరిగెత్తే పోలీస్ స్టేషన్‌కి నా లెక్కలో ఆఖరి స్థానం.

ఎఫ్ఐఆర్ సంగతి తేలిక. ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు దాని కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఇది ఎప్పటినుంచో ఉన్న రూలే. 2024 జూలై 1న వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్లో బాధితులను కూడా చేర్చారు. ఇక మనం ఫిర్యాదుదారులం కాకపోయినా, 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్లో పెట్టాలి. నెట్ సరిగా లేని చోట్ల 72 గంటల దాకా వెసులుబాటు ఉంది. లైంగిక నేరాలు, పోక్సో, తీవ్రవాదం లాంటి సున్నితమైన కేసులవి మాత్రం పెట్టరు. వాటికోసం సైట్లో వెతకడం దండగ. కేసులో నిందితుడిగా పేరు పడినవాళ్లు కూడా దరఖాస్తు పెట్టి కాపీ తీసుకోవచ్చని అదే తీర్పు చెప్పింది. ఈ ముక్క చాలామందికి తెలియదు. "మీ మీద కేసు ఉంది, మీకు కాపీ ఎందుకిస్తాం" అని స్టేషన్లో ఎవరైనా అంటే నోరు మూసుకుని వచ్చేస్తారు.

సైట్లో వెతకాలంటే జిల్లా, స్టేషన్, సంవత్సరం, ఎఫ్ఐఆర్ నంబరు కావాలి. ఒక రాష్ట్రం సైటు నాకు బాగానే పనిచేసింది. ఇంకోటి ఓటీపీ పంపి, అది టైపు చేసేలోపు గడువు అయిపోయిందనేది. పగలంతా ఇదే తంతు. తెల్లవారుజామున ప్రయత్నిస్తే ఒక్క దెబ్బకు దిగింది. ఆ పీడీఎఫ్ విషయం తెలుసుకోవడానికి, లాయరుకు వాట్సాప్ చేయడానికి సరిపోతుంది. కోర్టులో సాక్ష్యంగా మార్క్ చేయించాలంటే మాత్రం సీలు పడిన కాగితం కావాలి.

స్టేషన్తో అసలు పేచీ ఎఫ్ఐఆర్ తర్వాతే. యాక్సిడెంట్ క్లెయిముకు పంచనామా, స్థలం స్కెచ్, బండిని తనిఖీ చేసిన ఎం.వి.ఐ. (మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, గాయాల వివరాలతో డాక్టరు ఇచ్చే వూండ్ సర్టిఫికెట్, ఛార్జిషీటు కావాలి. వాటికోసం వెళ్లిన ప్రతిసారీ స్టేషన్ రాతపని చూసే రైటర్ గారు మర్యాదగానే మాట్లాడేవారు. "ఎస్సై గారు బందోబస్తుకెళ్లారండీ, సోమవారం రండి." సోమవారం వెళ్తే ఫైలు సీఐ గారి దగ్గర. సీఐ గారి దగ్గరికి వెళ్తే ఫైలు కోర్టుకు పంపేశాం. కోర్టులో అడిగితే ఇంకా రాలేదు. ఆ స్టేషన్ పేరెందుకు గానీ, ఇలాంటివి విన్న పాఠకులకు కొత్తేమీ కాదు. అక్కడ ఎవరూ డబ్బు అడగలేదు. కాగితమూ ఇవ్వలేదు.

ఒక వృద్ధ గుమాస్తా గారు చెప్పాక గానీ దీనికి దారి తెలియలేదు. "బాబూ, ఛార్జిషీటు పడేదాకా స్టేషన్ని అడుగు. పడిన మరుక్షణం స్టేషన్ని మర్చిపో." ఛార్జిషీటు మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లి, దానికి సి.సి. నంబరు, అంటే కోర్టు ఇచ్చే కేసు నంబరు, పడ్డాక, పంచనామా దగ్గర నుంచి ఎం.వి.ఐ. రిపోర్టు దాకా అన్నీ ఆ కోర్టు ఫైల్లో ఉంటాయి. అక్కడ కాపీ అప్లికేషన్ పెడితే ఎస్సై గారు బందోబస్తులో ఉన్నా, బదిలీ మీద వెళ్లినా మనకు సంబంధం లేదు. నిందితుడికైతే ఛార్జిషీటు, దానితోపాటు పెట్టిన కాగితాలు కోర్టే ఉచితంగా ఇవ్వాలి. అతను హాజరైన 14 రోజుల్లోపు ఇవ్వాలని కొత్త చట్టం 230వ సెక్షన్ గడువు కూడా పెట్టింది. లాయరు ఉన్న బాధితులకూ అదే వర్తిస్తుంది.

ఛార్జిషీటు పడేలోపు ఏం చేయాలంటే, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు ఫిర్యాదుదారుకో బాధితుడికో చెప్పాలని అదే కొత్త చట్టంలో 193వ సెక్షన్ ఉంది. రోడ్డు ప్రమాదాలకైతే 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న కేంద్ర రూల్స్ ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి రిపోర్టు, 90 రోజుల్లో వివరమైన రిపోర్టు, పరిహారం తేల్చే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కి పంపాలి. ఈ సెక్షన్లు రాసి ఒక లెటర్ పెట్టి, అందినట్టు స్టాంపు వేయించుకుంటే స్టేషన్లో పని కొంచెం కదులుతుంది. నోటితో ఎంత అడిగినా కదలదు. క్లెయిము వేయడానికి ఆరు నెలల గడువు కూడా ఆ 2022 ఏప్రిల్‌లోనే చట్టంలోకి వచ్చింది. దాని మీద వాదాలు నడుస్తున్నా వాటిని నమ్ముకుని కూర్చోవద్దు. పోలీసు కాగితాలన్నీ చేతికొచ్చాకే క్లెయిము వేద్దాం అనుకుంటే కొంప మునుగుతుంది.

సి.సి. నంబరు పడిందో లేదో తెలుసుకోవడానికి ఈ-కోర్ట్స్ యాప్ అద్భుతం. ఈ మాట మొహమాటం లేకుండా చెప్తాను. ప్రతి కేసుకూ 16 అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరు ఉంటుంది. అది ఒక్కటి చేతిలో ఉంటే దేశంలో ఏ జిల్లా కోర్టు కేసైనా ఎక్కడుందో కనిపిస్తుంది. నంబరు తెలియకపోతే ఎఫ్ఐఆర్ నంబరుతో వెతికే వీలుంది. స్టేషన్ ఎంచుకుని, నంబరు, సంవత్సరం కొడితే ఛార్జిషీటు పడిన కేసు బయటికొస్తుంది. మా తమ్ముడి కేసులో "ఇంకా పంపలేదు" అని స్టేషన్లో చెప్పిన రోజుకే సి.సి. నంబరు యాప్‌లో కూర్చుని ఉంది.

పేరుతో వెతకడం మాత్రం మన తెలుగువాళ్లకు నరకం. ఇంటిపేరు ముందు పెట్టారా, వెనక పెట్టారా, పొట్టిగా ఒక్క అక్షరంతో సరిపెట్టారా తెలియదు. వెంకటేశ్వర్లుకు ఇంగ్లీషులో ఎన్ని స్పెల్లింగులు ఉన్నాయో రాసినవాడికే తెలియాలి. లక్ష్మిలో 'కె ఎస్ హెచ్' ఉందా, 'ఎక్స్' ఉందా అన్నది ఎంట్రీ చేసిన ఉద్యోగి అలవాటును బట్టి ఉంటుంది. నేను ఇంటిపేరులో మొదటి మూడు నాలుగు అక్షరాలే కొట్టి, సంవత్సరం మారుస్తూ వెతుకుతాను. అప్పటికీ దొరక్కపోతే ప్రతివాది పేరుతో ప్రయత్నిస్తాను. ఇంకోటి, యాప్‌లో దిగే ఆర్డరు కాపీ చదువుకోవడానికే. దాన్ని ప్రింటు తీసి బ్యాంకుకో రిజిస్ట్రార్ ఆఫీసుకో ఇస్తే తిప్పి పంపుతారు.

ఇక కాపీయింగ్ సెక్షన్. అక్కడ ఉండేది పాత చెక్క బీరువాలు, నోటీసు బోర్డు, ఒక కిటికీ. చూస్తే పనవుతుందన్న నమ్మకం కలగదు. పద్ధతి మాత్రం ఎప్పుడూ ఒకటే. కాపీ అప్లికేషన్, అందరూ సి.ఎ. అంటారు, కోర్టు ఫీ స్టాంపు అంటించి వేస్తాం. దాని మీద కేసు నంబరు, ఏ కాగితం, దాని తేదీ రాయాలి. "ఫైలు మొత్తం" అని రాస్తే వెనక్కి వస్తుంది. "ఎగ్జిబిట్ ఎ-3, ఫలానా తేదీ రిజిస్టర్డ్ దస్తావేజు" అని రాస్తే పని జరుగుతుంది. తర్వాత ఎన్ని పేజీలో లెక్కేసి, ఇన్ని స్టాంపులు కావాలని నోటీసు బోర్డు మీద లిస్టు పెడతారు. గడువులోపు కట్టకపోతే అప్లికేషన్ కొట్టేస్తారు, మళ్లీ మొదటికొస్తుంది. మనకెవరూ ఫోన్ చేయరు, మెసేజ్ రాదు. బోర్డు మనమే చూసుకోవాలి. ఈ వ్యవస్థలో నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది ఈ బోర్డే. ఇంత యాప్ చేసినవాళ్లు స్టాంపుల లిస్టును ఫోన్‌కి ఎందుకు పంపలేరో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

అయినా ఆ సెక్షన్ మీద నాకు గౌరవం పెరగడానికి ఒక కారణం ఉంది. వాళ్లిచ్చే ప్రతి కాపీ మీద తేదీలు వేస్తారు: అప్లికేషన్ ఎప్పుడు వేశాం, స్టాంపులు ఎప్పుడు అడిగారు, ఎప్పుడు కట్టాం, కాపీ ఎప్పుడు సిద్ధమైంది, ఎప్పుడు తీసుకున్నాం. పైకి గుమాస్తా లెక్కల్లా కనిపిస్తాయి. దావా ఓడిపోయిన రోజు వాటి విలువ తెలిసింది. జిల్లా కోర్టుకు అప్పీలు వేయడానికి 30 రోజులే గడువు, హైకోర్టుకైతే 90. లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం కాపీ కోసం పట్టిన రోజులను ఆ గడువులోంచి తీసేస్తారు. కానీ అప్లికేషన్ వేశాకే ఆ లెక్క మొదలవుతుంది. డిక్రీ (తీర్పును బట్టి కోర్టు విడిగా తయారుచేసే ఉత్తర్వు) తయారు కాలేదు కదా అని సి.ఎ. వేయకుండా ఆగితే, ఆగిన రోజులు మన ఖాతాలోనే పడతాయి. సిద్ధమైన కాపీ తీసుకోకుండా తాత్సారం చేసినా అంతే. మా లాయరు గారు జడ్జిమెంటు చెప్పిన మధ్యాహ్నమే జడ్జిమెంటుకూ డిక్రీకీ కలిపి సి.ఎ. వేయించారు. అప్పీలు గడువులో పడటానికి అదే కారణం. స్టేషన్ ఇచ్చిన ఏ జవాబు మీదా ఇలాంటి తేదీ ఉండదు, ఆలస్యం ఎవరిదో ఎప్పటికీ తేలదు.

కేసుతో సంబంధం లేనివాళ్లు కూడా కాపీ తీసుకోవచ్చు. పొలం కొనబోయేవాళ్లు పాత దావా తీర్పు చూడాలనుకోవడం మామూలే. అలాంటప్పుడు ఎందుకు కావాలో అఫిడవిట్ పెట్టి, జడ్జి గారి దగ్గర ఆర్డరు తెచ్చుకోవాలి. ఖర్చు సర్కారు లెక్కలో తక్కువే. గుమాస్తాల చాయ్ లెక్క వేరే, దాని మీద నేనేమీ రాయను.

"ఇంత తతంగం ఎందుకు, ఆర్టీఐ వేసెయ్" అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి కుటుంబంలో ఒకరుంటారు, మా బాబాయిలాగా. కోర్టు ఫైళ్లకు అది పనిచేయదు. హైకోర్టు రూల్స్ ప్రకారం కాపీలు ఇచ్చే పద్ధతి ఉన్నప్పుడు ఆ దారిలోనే రావాలని 2020 మార్చి 4న గుజరాత్ హైకోర్టుకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఛార్జిషీట్లను ఎఫ్ఐఆర్‌లలా సైట్లో పెట్టక్కర్లేదని 2023 జనవరిలో ఇంకో తీర్పు వచ్చింది.

పోలీసుల దగ్గర మాత్రం ఆర్టీఐ కొంత పనికొస్తుంది. పది రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి, మా ఫిర్యాదు మీద ఏ చర్య తీసుకున్నారు, ఫైలు ఏ తేదీన ఎవరికి పంపారు అని అడిగాను. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దర్యాప్తుకు ఆటంకం అంటూ ఆర్టీఐ చట్టం 8(1)(హెచ్) కింద తిరస్కరించారు. ఇది వాళ్లకు కంఠతా వచ్చిన జవాబు. దర్యాప్తు నడుస్తోందని అంటే చాలదు, సమాచారం ఇస్తే దానికి ఎలా అడ్డమో చూపించాలని ఢిల్లీ హైకోర్టు 2007లోనే చెప్పింది. అది రాసి, అప్పటికే ఛార్జిషీటు పడిందని యాప్ ప్రింటు జతచేసి మొదటి అప్పీలు పెడితే తేదీలన్నీ వచ్చాయి. కాగితం కావాలంటే కోర్టుకు వెళ్లాలి. ఎవరి బల్ల మీద ఆగిందో తెలియాలంటే ఆర్టీఐ వేయాలి.

మార్కులు వేయమంటే కాపీయింగ్ సెక్షన్‌కు పదికి ఏడు, యాప్‌కు కూడా ఏడు. ఆర్టీఐకి ఐదు, అదీ అప్పీలు వేసే ఓపిక ఉన్నవాళ్లకే. స్టేషన్‌కి మూడు. ఆ మూడూ ఎఫ్ఐఆర్ కాపీ కోసమే.

ప్రస్తుతం అమెరికాలో ఉన్న మా పెదనాన్న కొడుకు పని మీద తిరుగుతున్నాను. ఎప్పుడో కాలేజీ రోజుల్లో జరిగిన గొడవలో ఆయన మీద కేసు పెట్టి, తర్వాత కొట్టేశారు. ఇప్పుడు వీసాకు ఆ తీర్పు సర్టిఫైడ్ కాపీ అడుగుతున్నారట. ఆయన రాలేడు కాబట్టి వకాలత్ తెప్పించి ఇక్కడి లాయరు గారితో సి.ఎ. వేయించాం. చిక్కేమిటంటే 2022లో తెలంగాణలో జ్యుడీషియల్ జిల్లాలు పెరిగాక ఆ ఊరు కొత్త జిల్లా కోర్టు కిందికి వచ్చింది, పాత ఫైలు మాత్రం పాత కోర్టు రికార్డు రూములోనే ఉంది. యాప్‌లో కేసే లేదు, అంత పాతది. చివరికి ముగిసిన కేసులు రాసే డిస్పోజల్ రిజిస్టరులో నంబరు దొరికింది. జడ్జిమెంటు భద్రంగా ఉందని, స్టాంపుల లిస్టులో మన నంబరు పడిందని లాయరు గారి గుమాస్తా నిన్న ఫోన్ చేశాడు. సోమవారం వెళ్లి కట్టాలి.