అపార్ట్‌మెంట్‌లో ఇంటర్నెట్ ఒప్పందం: సంఘానికి కమీషన్ మేలా, సభ్యులకు రాయితీ మేలా?

ఆదివారం ఉదయం సెల్లారు పక్కన గొడుగు నాటి, బల్ల మీద కరపత్రాలు పరిచి, "ఇన్‌స్టలేషన్ ఫ్రీ సార్" అని పిలిచే కుర్రవాళ్లను హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో చూడనివారుండరు. ఆ గొడుగు వెనుక చాలాసార్లు ఇంటర్నెట్ సంస్థకూ నివాసుల సంఘానికీ మధ్య కుదిరిన ఒప్పందం ఉంటుంది. మా సంఘానికి కోశాధికారిగా ఉన్న రెండేళ్లలో అటువంటి ప్రతిపాదనలు నా ముందుకు మూడు రూపాల్లో వచ్చాయి. కొత్త కనెక్షన్‌కు ఇంత అని సంఘానికి కమీషన్ ఇస్తామన్నది ఒకటి. సభ్యుల నెలవారీ బిల్లులోనే తగ్గిస్తామన్నది రెండోది. మూడోది, ఇతర సంస్థలను లోపలికి రానివ్వకుండా ఉంటే సీసీ కెమెరాలకూ సంఘం ఆఫీసుకూ నెట్ ఉచితంగా ఇస్తామన్నది.

మూడోదానిని ముందే పక్కన పెట్టవచ్చు. ఉచితంగా వచ్చేది ఒకటో రెండో కనెక్షన్లు, వదులుకునేది మాత్రం అన్ని ఇళ్లవారి ఎంపిక. అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ నివాస భవనాల్లో ఇటువంటి ఏకైక ప్రవేశ ఒప్పందాలను 2008 నాటికే నిషేధించింది. 2022 ఫిబ్రవరిలో మరో అడుగు వేసి, భవన యజమానికి ఆదాయంలో వాటాను ఒక్క సంస్థే ఇచ్చే ఏర్పాట్లను కూడా కాదన్నది. ప్రచార హక్కును ఒకే సంస్థకు ఇవ్వడాన్ని మాత్రం అనుమతిస్తూ, ఆ సంగతిని నివాసులకు సులభమైన భాషలో తెలియజేయాలని షరతు పెట్టింది. ప్రచారం వేరు, ప్రవేశం వేరు అన్న ఈ విభజన మనకూ పనికివచ్చేదే. నోటీసు బోర్డును అద్దెకివ్వవచ్చు గాని, తీగలు వెళ్లే డక్టు తాళం ఒకరి చేతికి ఇవ్వకూడదు.

మిగిలిన రెండింటిలో ఏది మేలో తేల్చడానికి చిన్న లెక్క చాలు. 120 ఫ్లాట్లలో 80 మంది చేరారనుకుందాం. కనెక్షన్‌కు 500 రూపాయల చొప్పున కమీషన్ అయితే సంఘానికి 40,000 రూపాయలు వస్తాయి, అదీ ఒక్కసారే. దానికి బదులు ప్రతి సభ్యుని ప్లాన్ ధరలో నెలకు 50 రూపాయలు తగ్గిస్తే, దాని మీద పడే 18 శాతం జీఎస్టీ కూడా తగ్గుతుంది కనుక మిగిలేది 59 రూపాయలు. ఏడాదికి 80 ఇళ్లకు కలిపి 56,640. రెండో ఏడు మళ్లీ అంతే.

పన్ను సంగతి కూడా ఉంది. సభ్యులు ఇచ్చిన సొమ్మును సభ్యుల కోసమే ఖర్చుపెట్టే సంఘానికి పరస్పరత సూత్రం కింద ఆదాయపు పన్ను ఊరట ఉంటుంది. సికింద్రాబాద్ క్లబ్ కేసులో 2023 ఆగస్టున సుప్రీంకోర్టు, బ్యాంకు డిపాజిట్ల వడ్డీకి ఆ సూత్రం వర్తించదని చెప్పింది. బయటి సంస్థ ఇచ్చే కమీషన్‌కు అది వర్తిస్తుందని వాదించడం ఇంకా కష్టమని నా అభిప్రాయం. రాయితీలో ఈ తలనొప్పి లేదు, ఎందుకంటే ఆ డబ్బు సంఘం ఖాతాలోకి రాదు. పైగా కమీషన్ ముట్టిన కార్యవర్గం మీద ఎవరికైనా అనుమానం కలుగుతుంది. సర్వసభ్య సమావేశంలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవడం ఎంత ఇబ్బందో కోశాధికారులకే తెలుసు.

అయితే రాయితీకీ ఒక లోపం ఉంది: చౌకగా దొరుకుతోందని అందరూ ఒకే సంస్థలో చేరుతారు. ఇళ్లకు ఎక్కువగా వేసే జీపాన్ ఫైబర్‌లో (ఒకే ఫైబర్‌ను అనేక ఇళ్లకు పంచే పద్ధతి) సంస్థ వైపు ఒక పోర్టుకు సెకనుకు సుమారు 2.5 గిగాబిట్ల సామర్థ్యం ఉంటుంది. దానిని స్ప్లిటర్ పెట్టి 32 ఇళ్లకు పంచితే, అందరూ ఒక్కసారే వాడినప్పుడు ఇంటికి సుమారు 78 మెగాబిట్లకు మించి రావు. అలా జరగడం అరుదే గాని, స్ప్లిటర్‌కు ఎన్ని ఇళ్లు ఇస్తారో ఒప్పందంలో రాయించుకోవాలి. రోడ్డు తవ్వకంలో కేబుల్ తెగి మా బ్లాకు మొత్తం రెండు రోజులు నెట్ లేక, ఇంటి నుంచి ఉద్యోగం చేసేవారు ఫోన్ హాట్‌స్పాట్‌ల మీద నెట్టుకొచ్చారు. ఆ రెండు రోజులూ వేరే సంస్థ కనెక్షన్ ఉన్న ఒకే ఒక్క ఇంటి వైఫై పాస్‌వర్డుకు ఎంత గిరాకీ వచ్చిందో చెప్పనక్కరలేదు.

కనుక నా ఓటు రాయితీకే. ప్రచారానికి మాత్రమే ప్రాధాన్యం, గడువు ఒక్క ఏడాది, డక్టులో రెండో సంస్థకు చోటు, ఫిర్యాదు తీరని రోజులకు బిల్లులో కోత అన్న నాలుగూ కాగితం మీద ఉండాలి. ఐదోది మేము ఆలస్యంగా నేర్చుకున్నాం: వెళ్లిపోయే సంస్థ తన తీగలను తానే తీసుకెళ్లాలి. మా మూడో అంతస్తు డక్టు తలుపు తీస్తే ఎవరివో తెలియని నల్ల తీగలు ఇప్పటికీ చుట్టలుగా వేలాడుతున్నాయి, వాటిని తీయించే కూలి మెయింటెనెన్స్ పద్దులోకే వస్తుంది.