లండన్ రిజిస్టరు, గ్లాస్గో తగరపు బిళ్ల

లండన్‌లో 1851 చట్టం కింద కామన్ లాడ్జింగ్ హౌస్ (ముక్కూమొహం తెలియనివాళ్లకు ఒకే గదిలో రాత్రికింతని పడక ఇచ్చే చవక బస) నడిపేవాడు పేరు నమోదు చేయించాల్సి ఉండేది. 1894 దాకా తనిఖీ పోలీసులదే. లొసుగు ఒకటే, కానీ పెద్దది: తూర్పు లండన్‌లోని పేదల పేట స్పిటల్‌ఫీల్డ్స్‌లో అదే మురికి గదిని 'ఫర్నిష్డ్ రూమ్' అని రాత్రికింతని అద్దెకిస్తే చట్టం వర్తించేది కాదు.

గ్లాస్గో 1862లో మామూలు కాపురాలనే పట్టుకుంది. మూడు గదులకు మించని చిన్న ఇళ్లను కొలిచి ఎంతమంది ఉండొచ్చో రాసిన తగరపు బిళ్లను తలుపుకు కొట్టారు. మనిషికి 300 ఘనపుటడుగులు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు అందులో సగం. 12 అడుగుల పొడవు, 10 వెడల్పు, 10 ఎత్తున్న గదికి నలుగురు పెద్దలు, లేదా ముగ్గురు పెద్దలు, ఇద్దరు పిల్లలు. లెక్క కచ్చితమే. కానీ అర్ధరాత్రి తనిఖీకి తలుపు తడితే అదనపు మనుషులు అల్మారాల్లో, పైకప్పుల మీద నక్కేవారు. అద్దె పంచుకోకపోతే గడవని ఇళ్లవి; జరిమానాతో చోటు పెరగదు.